పాత డీజిల్ కారా, పాత లారీనా?

రెండూ డీజిలే అయినా, జేబుకు చిల్లు పెట్టే తీరు వేరు.

స్విఫ్ట్ లాంటి 1.3 లీటర్ల డీజిల్ కారులో అసలు టెన్షన్ ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, గాలిని ఒత్తిడితో నెట్టే టర్బోతోనే. డీజిల్ ఫిల్టర్లో చేరిన నీళ్లు తీయకుండా తిప్పితే ఇంజెక్టర్లు దెబ్బతింటాయి. పొద్దున్నే తెల్లపొగ వదులుతూ ఇంజన్ వణుకుతుంటే బేరం ఆపి మెకానిక్‌కు చూపించండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి.

లారీ పని రోజువారీ పని. బ్రేకులు గాలితో నడుస్తాయి కాబట్టి గేజీలో ప్రెషర్ ఎక్కేదాకా బండి కదపకూడదు. గాలి ట్యాంకుల అడుగున చేరిన నీళ్లు వదలాలి, బండి బరువు మోసే కమాన్ పట్టీలు (స్ప్రింగు పట్టీలు) విరిగాయేమో వంగి చూడాలి, పది టైర్లూ తట్టి చూడాలి. ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులోనే దిగాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేస్తే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి, దయచేసి ఆ పని చేయొద్దు. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష (రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇచ్చే సర్టిఫికెట్ కోసం) తప్పదు.

ఇంటి అవసరానికైతే నా ఓటు కారుకే. కిరాయి ఖాయంగా ఉంటేనే లారీ జోలికి వెళ్లండి. షెడ్డులో నిలబడ్డా కిస్తీ, ఇన్సూరెన్స్ ఆగవు.