షుగరు కంటికి నెలనెలా సూదా, ఒక్కసారి లేజరా? ఏది మేలు?

"ఒక డాక్టరుగారు లేజర్ చేయించుకోమన్నారు, ఇంకోచోట చూపిస్తే నెలనెలా సూది అంటున్నారు. ఎవరి మాట వినాలి?" మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది. చాలాసార్లు ఇద్దరు డాక్టర్ల మధ్య గొడవేమీ ఉండదు. ఒకాయన రెటీనా (కంటి వెనుక బొమ్మ పడే పొర) నడిమధ్య వాపు గురించి మాట్లాడుతుంటారు, ఇంకొకాయన అంచుల్లో మొలిచిన కొత్త రక్తనాళాల గురించి. ఒకే కంట్లో ఈ రెండూ ఉండవచ్చు. అందుకే ముందు మీ రిపోర్టులో డీఎంఈ (మధ్యలో వాపు) అని ఉందో, పీడీఆర్ (కొత్త రక్తనాళాలు) అని ఉందో, రెండూ ఉన్నాయో చూసుకోండి.

డీఎంఈ అయితే, అంటే మాక్యులా అనే రెటీనా నడిభాగంలో వాపు వచ్చి చూపు తగ్గి ఉంటే, పెద్దగా తర్కించాల్సింది లేదు. కంట్లోకి వేసే సూదే. మధ్యభాగంలో లేజర్ కాల్చడం పాత పద్ధతి. ఇప్పుడు మధ్యకు దూరంగా కారుతున్న చోట్లకే దాన్ని ఉంచారు. వాపు ఉన్నా చూపు 6/7.5 (మామూలు చూపు 6/6) లేదా అంతకన్నా మెరుగ్గా ఉంటే వెంటనే ఏమీ చేయకుండా, ఓసీటీ (రెటీనా పొరల స్కాన్) తీస్తూ కనిపెట్టుకుని ఉండడమూ సరైన వైద్యమే. 2019లో వెలువడిన అమెరికా అధ్యయనంలో అలాంటి కళ్లకు సూది, లేజర్, ఆగి చూడడం మూడింటికీ రెండేళ్ల తర్వాత ఫలితం ఒకేలా ఉంది.

మందు ఏదన్న బెంగ కూడా అవసరానికి మించి ఉంటోంది. చూపు 6/15 లేదా అంతకన్నా తక్కువకు పడిపోయిన కళ్లలో మొదటి ఏడాది అఫ్లిబర్సెప్ట్‌ది పైచేయి. అంతకన్నా మెరుగైన చూపున్న కళ్లలో అఫ్లిబర్సెప్ట్, రానిబిజుమాబ్, బెవాసిజుమాబ్ మూడూ దాదాపు సమానమే. చూపు బాగా తగ్గిన కళ్లలో కూడా బెవాసిజుమాబ్‌తో మొదలుపెట్టి, సరిపోకపోతే అఫ్లిబర్సెప్ట్‌కు మారినవారికీ, మొదటి నుంచీ ఖరీదైన అఫ్లిబర్సెప్టే వాడినవారికీ రెండేళ్ల తర్వాత చూపులో తేడా లేదని 2022లో తేలింది. బెవాసిజుమాబ్‌తో అసలు జాగ్రత్త వేరేచోట ఉంది. అది క్యాన్సర్ కోసం తయారైన పెద్ద వయల్ (మందు సీసా). కంటికి కావలసింది 0.05 మిల్లీలీటర్లు. ఒక వయల్‌ను చాలామందికి విడగొట్టేటప్పుడు శుభ్రత తప్పితే ఒకేరోజు ఎన్నో కళ్లకు ఇన్ఫెక్షన్ పాకుతుంది. కాబట్టి మందు ధర కన్నా ముందు దాన్ని ఎక్కడ, ఎలా విడగొడుతున్నారో అడగండి.

అసలు పోటీ పీడీఆర్ దగ్గరే.

షుగరు వల్ల సన్న రక్తనాళాలు మూసుకుపోయి రెటీనా అంచులకు ఆక్సిజన్ చాలదు. ఆకలేసిన రెటీనా వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని వదులుతుంది. దాని పిలుపుకు కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. అవి పెళుసువి, చిట్లితే కంట్లో రక్తం నిండుతుంది, ముడుచుకుంటే రెటీనాను పట్టి లాగుతాయి. సూదిమందు ఆ వీఈజీఎఫ్‌ను పట్టేస్తుంది. కానీ ఆకలి అలాగే ఉంటుంది, మందు బలం కొన్ని వారాలే. లేజర్ దారి వేరు. కాలువ నీళ్లు చాలనప్పుడు చివరి మళ్లను బీడు పెట్టి మిగతా పొలాన్ని పండించుకున్నట్టు, అంచు రెటీనాలో కొంత భాగాన్ని కాల్చి ఆక్సిజన్ అవసరాన్నే తగ్గిస్తుంది. బీడు పెట్టిన మడి మళ్లీ పండదు. అయితే ఆ మేలు కూడా నెలకోసారి కరిగిపోయేది కాదు.

నష్టాలు రెండింటికీ ఉన్నాయి. లేజర్‌తో పక్కచూపు కొంత తగ్గుతుంది, రాత్రిపూట, మసకవెలుతురులో తడబాటు పెరుగుతుంది. లారీ, ఆటో నడిపేవారికి ఇది చిన్న విషయం కాదు. మధ్యలో వాపు ఉన్న కంటికి లేజర్ పెడితే వాపు పెరగవచ్చు. అందుకే రెండూ ఉన్న కంటికి ముందు సూది ఇచ్చి తర్వాత లేజర్ చేస్తారు. సూదితో భయం ఇన్ఫెక్షన్. వేలల్లో ఒకరికే వస్తుంది, వస్తే మాత్రం చూపు పోవచ్చు. రెటీనా మీద ఇప్పటికే తెల్లటి పొరలు కట్టి లాగుతున్న కంట్లో సూది వేస్తే, ఆ పొరలు ఒక్కసారిగా ముడుచుకుని కొద్ది రోజుల్లో రెటీనా ఊడిరావచ్చు. రక్తం నిండి లోపల కనపడని కంటికి సూదికి ముందు బి-స్కాన్ (కంటి అల్ట్రాసౌండ్) తీసేది అందుకే. ఈమధ్యే గుండెపోటో పక్షవాతమో వచ్చినవారు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. గర్భిణులకు సాధారణంగా లేజర్ వైపే మొగ్గుతారు.

ఇంతవరకు త్రాసు దాదాపు సమంగానే ఉంది. చూపు ఎంత దక్కుతుందన్న లెక్కలోనూ అంతే. అమెరికాలో 305 మందికి చెందిన 394 కళ్ల మీద ఈ రెండింటినీ పోల్చారు. ఐదేళ్ల తర్వాత రెండు గుంపుల్లోనూ సగటు చూపు ఒకటే, సుమారు 6/7.5. కానీ సూదుల గుంపులో ఒక్కో కంటికి ఐదేళ్లలో సగటున 19 సూదులు పడ్డాయి. ఫోన్లు చేసి పిలిపించే అధ్యయనంలోనే, చనిపోయినవారిని మినహాయించినా, మూడింట ఒక వంతు మంది ఐదేళ్లు పూర్తిచేయలేదు.

నా లెక్కలో తీర్పు ఇక్కడే ఉంది. మందు ఏది మంచిదన్నది తర్వాతి మాట. ఈ మనిషి చెప్పిన తేదీకి రాగలడా? ఫిలడెల్ఫియాలో మరో పరిశీలన చేశారు: చికిత్స మొదలయ్యాక ఆరు నెలలకు పైగా కనపడకుండా పోయి, తిరిగి వచ్చినవారి కళ్లు. సూదులు మాత్రమే వేయించుకున్న 30 కళ్లలో చివరికి 10 కళ్లకు రెటీనా లాగబడి ఊడిపోయింది. లేజర్ చేయించుకున్న 46 కళ్లలో ఒక్కదానికి. సూది ఆగగానే వీఈజీఎఫ్ తిరిగొస్తుంది, నాళాలు మళ్లీ మొలుస్తాయి, ఈసారి పొరలతో సహా.

మన దగ్గర తేదీ తప్పడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు బండి నడపలేరు, తోడు మనిషి కావాలి. ఆ తోడు వచ్చే కొడుక్కి సెలవు దొరకాలి. నాట్లు, కోతలు, పెళ్లిళ్లు, వారానికి మూడు డయాలసిస్‌లు. పైగా సూది వేయించుకున్నాక చూపు బాగానే ఉంటుంది. "కనిపిస్తూనే ఉందిగా" అని మానేస్తారు. చూపు బాగుందని మానేసినవాళ్లూ నష్టపోతారు.

కాబట్టి మధ్యలో వాపు లేని పీడీఆర్‌కు, ఐదారేళ్లపాటు తేదీ తప్పకుండా రాగలనని గట్టిగా చెప్పలేనివారికి లేజరే మేలు. రాగలిగినా రెండో కన్ను ఇప్పటికే పోయిన మనిషైతే, సూదులతో పాటు లేజర్ కూడా పూర్తి చేయించి ఉంచడమే క్షేమం. ఊళ్లోనే రెటీనా డాక్టరు ఉండి, రాత్రిపూట బండి నడపడమే బతుకుతెరువై, ఓపికా ఇన్సూరెన్సూ రెండూ ఉన్నవారికి సూది మంచి దారే. ఇన్సూరెన్స్ కంపెనీలు కంటి లోపలి సూదులను కవర్ చేయాలని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో చెప్పింది, కానీ ఉప పరిమితి పెట్టుకోవచ్చు. మీ పాలసీలో ఆ అంకె ఎంతో చూడండి.

లేజర్ అనగానే ఒక్క పూటలో అయిపోతుందనుకోవద్దు. పాత పద్ధతిలో కంటికి 1200 నుంచి 1600 చుక్కలు, వారం రెండు వారాల ఎడంతో రెండు మూడు సిట్టింగులు. అంతా ఒకే రోజు కాలిస్తే వాపు రావచ్చు. ఒకేసారి వరుసగా చాలా చుక్కలు వేసే 20 మిల్లీసెకన్ల ప్యాటర్న్ లేజర్‌తో నొప్పి తక్కువ, కానీ ఒక్కో మచ్చ చిన్నది కాబట్టి చుక్కలు ఎక్కువ పడాలి. పాత లెక్కే వేసి ఆపేస్తే చికిత్స చాలక నాళాలు మళ్లీ మొలుస్తాయి. చివరి సిట్టింగ్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలకు చూపించుకుంటే, ఇంకా కాల్చాలో వద్దో తెలుస్తుంది. నొప్పి భరించలేకపోతే కంటి పక్కన మత్తు ఇవ్వమని అడగండి, సగంలో ఆపించుకుని ఇంటికి వెళ్లిపోవద్దు.

రెండు వైద్యాల్లోనూ మరుగున పడేది కార్నియా. షుగరు అరికాళ్లను మొద్దుబార్చి చెప్పు జారినా తెలియనివ్వనట్టే, కంటి ముందున్న ఈ పారదర్శక పొర నరాలనూ సన్నగిల్లజేస్తుంది. పైపొర కింది పొరకు గట్టిగా అతుక్కోదు, రేగితే త్వరగా మానదు. సూదికి ముందు వేసే 5 శాతం పోవిడోన్ అయోడిన్ ఇన్ఫెక్షన్‌కు అడ్డుగోడ. మంటగా ఉందని వద్దనకండి, పని అయ్యాక సెలైన్‌తో బాగా కడగమనండి. లేజర్‌కు కంటి మీద లెన్స్ ఆనిస్తారు, దాంతోనూ పైపొర రేగవచ్చు. ఇంకో చిక్కు: కార్నియాకు వెళ్లే నరాలు రెటీనా వెనుక, గడియారంలో మూడు, తొమ్మిది గంటల వైపుల నుంచే వస్తాయి. అక్కడ ఎక్కువ కాలిస్తే నొప్పీ ఎక్కువే, తర్వాత కార్నియా మరింత మొద్దుబారుతుంది.

దీనివల్ల ఒక మోసం ఉంది. మొద్దుబారిన కంటికి పుండు పడినా, లోపల ఇన్ఫెక్షన్ వచ్చినా నొప్పి అంతగా తెలియకపోవచ్చు. సూది తర్వాత తెల్లగుడ్డు మీద ఎర్రటి మరక, ఒకటి రెండు రోజులు తేలే బుడగలు మామూలే. మసక రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం నొప్పి లేదని ఆగకుండా అదే రోజు వెళ్లాలి. గరగర రెండు రోజులు దాటినా, పొద్దున కళ్లు తెరవగానే గుచ్చినట్టున్నా, పసుపు రంగు చుక్క వేసి నీలి వెలుతురులో చూడమనండి.

మిగిలినవి క్లుప్తంగా. డెక్సామెథసోన్ ఇంప్లాంట్ (కంట్లో పెట్టే స్టెరాయిడ్ పలుకు) 0.7 మిల్లీగ్రాములది, మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది, వాపుకే; కంటి ఒత్తిడి, శుక్లం పెరుగుతాయి కాబట్టి శుక్లం ఆపరేషన్ అయిపోయినవారికి ఎక్కువ నప్పుతుంది. విట్రెక్టమీ, అంటే కంటి లోపలి జెల్లీని తీసే ఆపరేషన్, కరగని రక్తానికీ, లాగుతున్న పొరలకూ. ఆ ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ పెట్టి ఉంటే అది కరిగేదాకా విమానం ఎక్కకూడదు. రెటీనాకు చుక్కల మందులు, పసర్లు అంటారా, వాటికి ఈ త్రాసులో చోటు లేదు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండాలనుకునేవారు టికెట్ కొనకముందే డాక్టరుకు చెప్పండి. అక్కడి విజిటర్ ఇన్సూరెన్స్‌లు పాత జబ్బులకు మామూలుగా డబ్బివ్వవు. బయల్దేరడానికి కనీసం మూడు నెలల ముందు లేజర్ మొదలుపెడితే సిట్టింగులూ, ఆ తర్వాతి పరీక్షా ఇక్కడే అయిపోతాయి.