నాయిన కాలి ప్లేటు, ఆసుపత్రి రికార్డు రూము

నల్లగొండలోని ఈ ఎముకల ఆసుపత్రి డాక్టర్ల గురించి చాలామంది రాశారు. నేను మెట్ల కింద ఉన్న రికార్డు రూము గురించి రాస్తున్నాను.

2019లో మా నాయిన బండి మీద నుంచి పడితే కుడికాలు మోకాలి కింద బొక్క విరిగింది. ఇక్కడే ప్లేటు వేశారు. నాలుగు నెలల్లో మళ్లీ పొలం గట్ల మీద నడిచాడు.

2022 అక్టోబరులో మిర్యాలగూడ పోయొస్తానని బయల్దేరిన మనిషి ఇంటికి రాలేదు. మిస్సింగ్ కేసు పెట్టాం. మరుసటి ఎండాకాలం సాగర్ ఎడమ కాలువకు నీళ్లు బంద్ చేశాక, బురదలో బొక్కలు దొరికాయని స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. మొఖం లేదు, బట్టలు లేవు. పళ్లు కట్టించిన క్లినిక్‌కు పోతే ఒక్క కాగితం కూడా లేదన్నారు. కాలి బొక్కకు ప్లేటు మాత్రం అట్లనే ఉంది. మార్చురీలో డాక్టరమ్మ దాన్ని బ్రష్‌తో కడిగి, లెన్సు పెట్టి చూసి, కంపెనీ గుర్తు, లాట్ నంబరు రాసిచ్చింది. బియ్యపు గింజంత కూడా లేని అంకెలు.

ఆ కాగితంతో కానిస్టేబుల్, నేను ఇక్కడికి వచ్చాం. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం ఫైలు మూడేళ్లు దాస్తే చాలు. మాది నాలుగేళ్ల కిందటిది. అయినా రికార్డు రూములోని పెద్దాయన రిజిస్టరు తిరగేసి, పై అరలోంచి ఒక కట్ట దించాడు. ఆపరేషన్ నోట్సు వెనక ప్లేటు ప్యాకెట్ స్టిక్కరు అతికించి ఉంది. కాగితం పచ్చబడింది గానీ అంకెలు చెరిగిపోలేదు. అదే నంబరు. నేను ఆ స్టూలు మీదనే కూలబడి ఏడ్చాను.

ఆయన మంచినీళ్లిచ్చి, "ఒక్క నంబరు సరిపోదమ్మా, ఒకే లాట్‌లో చాలా ప్లేట్లు వస్తయి. ఎక్స్‌రే కూడా తీసుకపో" అని ఆపరేషన్ తర్వాతి ఫిల్ము వెతికిచ్చాడు. మార్చురీలో తీసిన ఎక్స్‌రే పక్కన పెడితే, కింది నుంచి రెండో స్క్రూ రెండింట్లోనూ ఒకే వాలులో ఉంది. పైనుంచి మూడో రంధ్రం రెండింట్లోనూ ఖాళీగా ఉంది. డీఎన్ఏ రిపోర్టు తర్వాత వచ్చింది, అదీ మా నాయినే అని చెప్పింది.

ఒక్కటే లోటు. డిశ్చార్జి రోజు ఆ స్టిక్కరు కాపీ మాకు ఇవ్వలేదు. ప్లేటు, రాడ్, కీలు ఏది వేసినా రోగి చేతికి ఒకటి ఇవ్వాలి. వచ్చే నెల అమ్మ మోకాలి ఆపరేషన్ ఇక్కడే. ఆ స్టిక్కరు సంగతి మొదటి రోజే అడుగుతాను.