ఒంటిపొర గుడారంలో 121 రాత్రులు

ఈ గుడారం కారదు. అయినా మొదటి నెలంతా దాదాపు ప్రతి ఉదయం తడిగానే లేచాను. ఈ తిరకాసు తెలియకుండా, బరువు తక్కువని మురిసిపోయి ఒంటిపొర గుడారం కొనేవాళ్ల కోసం రాస్తున్నాను. నేనూ అలా మురిసిపోయి కొన్నవాణ్నే.

వాడింది అమెరికాలోని అపలాచియన్ ట్రెయిల్ మీద. జార్జియాలోని స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై, 14 రాష్ట్రాలు దాటి, మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం మీద ముగిసే సుమారు 3,500 కిలోమీటర్ల కాలిబాట అది. మార్చి రెండో వారంలో దక్షిణం నుంచి బయలుదేరి సెప్టెంబరు మొదట్లో ముగించాను. అంత చలిలో ఎందుకు బయలుదేరాలి అంటే, కటాడిన్ ఉన్న బాక్స్‌టర్ పార్కులో అక్టోబరు 15 దాటితే రాత్రి బసకు వీలుండదు. ఆలోపు చేరాలంటే దక్షిణాన చలి పూర్తిగా పోకముందే నడక మొదలుపెట్టాలి. దారిలో గడిచిన 175 రాత్రుల్లో 121 ఈ గుడారంలో పడుకున్నాను. మిగిలినవి బాట పక్కనుండే మూడు గోడల షెల్టర్లలో, ఊళ్లలోని హాస్టళ్లలో గడిచాయి.

గుడారం ఒక మనిషికి సరిపోయేది. సిలికాన్ పూసిన పలుచని నైలాన్, ఒకటే పొర. దానికి సొంత కడ్డీలు లేవు, నడిచేటప్పుడు చేతిలో ఉండే రెండు ట్రెక్కింగ్ కర్రలే రాత్రి స్తంభాలవుతాయి. ఆరు మేకులతో కలిపి 790 గ్రాములు తూగింది. ధర మూడు వందల డాలర్లకు కాస్త తక్కువ. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ తరహా గుడారాలన్నీ ఇంచుమించు ఇలాగే ప్రవర్తిస్తాయి కాబట్టి.

కొన్న వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. రెండు వైపులా సిలికాన్ పూసిన నైలాన్ మీద కుట్లను మూసే టేపు అంటుకోదు. అందుకే కుట్ల మీద సిలికాన్ జిగురు పూసుకునే పని చాలామంది తయారీదారులు మనకే వదిలేస్తారు. నేను ఒక మధ్యాహ్నమంతా కూర్చుని పూశాను. అందంగా రాలేదు, నత్త పాకిన జాడలా ఉంది. కానీ ఆ కుట్ల నుంచి ఒక్క చుక్కా లోపలికి రాలేదు.

మరి తడి ఎక్కడిది? నాలోంచి వచ్చింది, నేలలోంచి వచ్చింది. మబ్బు లేని రాత్రి గుడారం బట్ట తన వేడిని ఆకాశానికి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. ఊపిరిలోని ఆవిరి ఆ చల్లటి బట్టకు తగిలి బొట్లు కడుతుంది. రెండు పొరల గుడారమైతే ఆ బొట్లు బయటి పొరకే పరిమితం, లోపలి జాలీ మనకు అడ్డుగా ఉంటుంది. ఇక్కడ అడ్డు లేదు. నిద్రలో కాళ్లు చాపితే స్లీపింగ్ బ్యాగు కొస గోడకు తగిలి తడుస్తుంది. అందులో ఉన్నది బాతు ఈకలు, తడిస్తే వెచ్చదనం పోతుంది. పైనుంచి ఎవరో తడి చేత్తో నిమిరినట్టు నుదుటి మీద చుక్క పడి మెలకువ వచ్చిన రాత్రులు లెక్కలేదు.

వసంతంలో ఇది మరీ ఎక్కువ, కారణం నాకు మూడు వారాలు నడిచాక గానీ తట్టలేదు. మార్చిలో జార్జియా, నార్త్ కరోలినా కొండల మీద ఓక్, మేపుల్ చెట్లకు ఆకులుండవు. చిగురు ముందు లోయల్లో పుట్టి, మెల్లగా కొండెక్కుతుంది. ఒకే రోజులో లోయకు దిగి వసంతాన్ని చూసి, సాయంత్రానికి మళ్లీ చలికాలంలోకి ఎక్కడం అక్కడ మామూలు. ఆకులు లేకపోవడం వల్లే ఎండ నేలదాకా దిగి ట్రిలియం పూలు దారి పొడవునా విచ్చుకుంటాయి. పగలు ఎండను దించిన ఆ ఖాళీ కొమ్మలే రాత్రి మన గుడారాన్ని నేరుగా ఆకాశానికి అప్పగిస్తాయి. పైన ఆకుల కప్పు ఉంటే ఆ వేడిలో కొంత తిరిగి కిందికి వస్తుంది.

అది అర్థమయ్యాక చోటు ఎంచే తీరు మారింది. వాగు పక్కన చదునైన పచ్చిక కనబడితే మొదట్లో పరుగెత్తేవాణ్ని. చల్లగాలి బరువెక్కి రాత్రి దిగి చేరేది అక్కడికే. నీటికి 60 మీటర్ల దూరంలో విడిది చేయాలన్న మర్యాద ఎలాగూ ఉంది, పాటిస్తే లాభపడేది కూడా మనమే. తర్వాత కాస్త ఎత్తున, రోడోడెండ్రాన్ పొదల అంచున వేయడం మొదలుపెట్టాను. అవి ఏడాది పొడవునా ఆకు రాల్చవు. పైగా గడ్డకట్టే చలిలో వాటి ఆకులు చుట్టల్లా చుట్టుకుని వేలాడతాయి, పొద్దున్నే థర్మామీటరు అక్కర్లేదు. ఏడాదంతా పచ్చగా ఉండే హెమ్లాక్ చెట్ల కిందా పొడిగానే ఉంటుంది కానీ తలెత్తి చూడాలి. తెల్లటి దూదిలా పట్టే ఒక పురుగు వల్ల ఆ కొండల్లో ఎన్నో హెమ్లాక్‌లు నిలువునా ఎండిపోయాయి, వాటి కింద పడుకోవడం ప్రాణాలతో చెలగాటం. చోటు మార్చాక తడి పూర్తిగా పోలేదు, నా లెక్కలో సగానికి తగ్గింది. మిగతా సగానికి ఒక స్పాంజి ముక్క. పొద్దున్నే గోడలు తుడిచి, బయట పిండి, అప్పుడు గానీ సంచి సర్దేవాణ్ని కాదు. ఆ బాట మీద నడిచేవారికి ఒకరికొకరు మారుపేర్లు పెట్టుకునే అలవాటుంది. నాకు ఏ పేరు పడిందో వేరే చెప్పనక్కర్లేదు.

స్లీపింగ్ బ్యాగు కొసకు వాన కోటు తొడిగి పడుకోవడం ఒక పెద్దాయన నేర్పాడు. కాళ్ల దగ్గర తడి బెడద అక్కడితో తీరింది. గ్రేట్ స్మోకీ పర్వతాల్లో తడి గడ్డకట్టి లోపలి గోడంతా మంచుపొడి అయ్యేది. ఎండ తగలకముందే దులిపేస్తే అది తుడవడం కన్నా సులువు. అక్కడి జాతీయ పార్కులో బాట పొడవునా నడిచేవారికి 40 డాలర్ల అనుమతి పత్రం ఉంటుంది, పడుకోవడం షెల్టర్‌లోనే. షెల్టర్ నిండితేనే పక్కన గుడారం వేసుకోనిస్తారు. నిండిన రాత్రి అందరూ గొణిగారు, నేను లోలోపల సంతోషించాను. ఎలుకలూ గురకలూ లేని తడి నాకు నయమే అనిపించింది. ఈ బాట మొత్తంలో ఎత్తైన చోటు కూడా అక్కడే, 2,025 మీటర్ల కువోహి. 2024 దాకా క్లింగ్‌మన్స్ డోమ్ అనేవారు. ఏప్రిల్ వచ్చినా అక్కడ పొగమంచులో పది అడుగుల ముందు చెట్టు కనబడలేదు.

నైలాన్ నీరు పీల్చి సాగుతుంది. సాయంత్రం డోలు చర్మంలా బిగించిన గుడారం అర్ధరాత్రి వానలో వదులై ముఖం మీదికి వాలుతుంది. బయటికి వెళ్లి తాళ్లు బిగించాల్సిన పనిలేదు, లోపలినుంచే కర్రలను రెండు మూడు సెంటీమీటర్లు పొడిగిస్తే చాలు. ఈ చిన్న సంగతి గుడారంతో వచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. పాలియెస్టర్‌తో చేసినవి ఇంతగా సాగవు. ఈ రోజు కొనాల్సి వస్తే అవే చూస్తాను.

గాలికి మాత్రం వంక పెట్టను. రోన్ ప్రాంతపు బోడి కొండల కింద ఒక రాత్రి గాలి ఊళ వేస్తూనే ఉంది, ఒక మేకు కూడా కదల్లేదు. వర్జీనియాలోని గ్రేసన్ హైలాండ్స్‌లో గుర్రపుపిల్లలంత పొట్టి అడవి గుర్రాలు తిరుగుతుంటాయి. భోజనానికి ఆగినప్పుడు ఒకటి వచ్చి నా కర్రల పిడుల మీది చెమట ఉప్పును ఓపికగా నాకింది. ఆ రాత్రి గుడారానికి స్తంభాలు ఉంటాయా అని నా భయం నాది.

అసలు ఫిర్యాదు జిప్పు మీద. వర్జీనియాలో, సుమారు డెబ్బయ్యో రాత్రి, దోమతెర జిప్పు పళ్లు కలవడం మానేశాయి. మట్టి, ఇసుక పట్టి, పళ్లను కలుపుతూ జరిగే బిళ్ల అరిగిపోయింది. అది మే నెల, లైమ్ వ్యాధి తెచ్చే పేలులాంటి పురుగులు గడ్డిలో కాచుకుని ఉండే కాలం. కంపెనీకి రాస్తే తొమ్మిది రోజుల తర్వాత జవాబు వచ్చింది: గుడారం పంపితే ఉచితంగా బాగుచేస్తాం, మూడు వారాలు పడుతుంది. మర్యాదగానే రాశారు. కానీ నడుస్తున్నవాడు మూడు వారాలు ఎక్కడ పడుకోవాలో రాయలేదు. ఒక హాస్టల్‌లో పటకారు అడిగి తీసుకుని బిళ్లను రెండు వైపులా మెల్లగా నొక్కాను. ఆ మరమ్మతు మరో రెండు నెలలు నిలిచింది. తర్వాత మళ్లీ నొక్కాను. ముందే, వారానికోసారి, తడిపిన పళ్లబ్రష్‌తో జిప్పు రుద్ది ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో.

పెన్సిల్వేనియాలో రాళ్లు. రెండు మేకులు వంకరపోయాయి, తాడు చివర చిన్న రాయి, దాని ముందు పెద్ద రాయి ఆనించి నెట్టుకొచ్చాను.

ఈ తరహా గుడారం నిజంగా చేతులెత్తేసేది న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్‌లో. అక్కడ చాలా విడిదుల్లో నేల పాడవకుండా చెక్క వేదికలు కట్టారు, వాటి మీదే గుడారం వేయాలి. మేకు దిగితేనే నిలబడే గుడారానికి చెక్క మీద దిక్కెవరు? పలకల సందుల్లోంచి తాడు దించి, కింద పుల్ల అడ్డం పెట్టి లాగి కట్టాను. మొదటిసారి ముప్పావు గంట పట్టింది. సొంత కడ్డీలున్న గుడారం తెచ్చుకున్న పక్కాయన అప్పటికే వంట ముగించి, తింటూ నన్నే చూస్తున్నాడు. మీ నడకలో ఎక్కువ భాగం ఆ కొండల్లోనే అయితే ఇది కొనకండి. మొత్తం బాట నడిచేవాళ్లకు ఆ కష్టం కొద్ది రాత్రులే, తగ్గిన బరువు మాత్రం రోజూ వీపుకు తెలుస్తుంది.

మెయిన్ చేరేసరికి గుడారం అడుగున తొమ్మిది సూది బెజ్జాలు, ఒక మూల నా అజాగ్రత్తకు చిరుగు. అన్నిటికీ అతుకులు వేశాను. పైకప్పు ఇప్పటికీ కారదు. జిప్పు మార్పించాలి. వచ్చే మార్చిలో బయలుదేరుతున్న ఒక మిత్రుడు అరువు అడిగాడు. ఇస్తానన్నాను, స్పాంజి మాత్రం సొంతంగా కొనుక్కోమన్నాను.