సెల్లార్ ర్యాంప్ పరీక్ష: 11 ఏళ్ల గేర్ బండి, 3 ఏళ్ల ఏఎంటీ

మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి రోడ్డెక్కే ర్యాంప్ ఎంత నిటారుగా ఉంటుందంటే, సగం దూరం ఎక్కాక బానెట్, ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించవు. పైన వాచ్‌మన్ చెయ్యి ఊపితేనే ఎదురుగా ఎవరూ రావట్లేదని నమ్మకం. ఈ ర్యాంప్‌ని 11 ఏళ్లు మాన్యువల్ కారుతో ఎక్కాను, 3 ఏళ్లుగా ఏఎంటీ అనే ఒక రకం ఆటోమేటిక్‌తో ఎక్కుతున్నాను. గేర్ బండి కొనాలా, ఆటోమేటిక్ కొనాలా అని ఈ మధ్య మా ఆఫీసులో ముగ్గురు అడిగారు. షోరూం వాళ్లు తిప్పి చూపించే ఖాళీ రోడ్డు మీద ఏమీ తేలదు, బండిని మీ సెల్లార్‌లోకి తీసుకురమ్మనండి అని ముగ్గురికీ చెప్పాను. ఒక్కరే విన్నారు.

నేను బ్యాంకులో పని చేస్తాను. ఇల్లు నిజాంపేట, ఆఫీసు బంజారాహిల్స్. జేఎన్‌టీయూ, కూకట్‌పల్లి, మూసాపేట, ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజాగుట్ట. 18 కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది, పొద్దున పూట గంటా పావు పడుతుంది. పాత కారుతో ఒకరోజు ఏమీ తోచక లెక్కపెట్టాను. మూసాపేట నుంచి అమీర్‌పేట లోపల క్లచ్ 114 సార్లు తొక్కాను. ఆ తర్వాత బైకతను ఒకడు అడ్డం వచ్చి లెక్క తప్పించాడు. ఆ 11 ఏళ్లలో క్లచ్ ప్లేట్లు రెండుసార్లు మార్పించాను. రెండోసారి మెకానిక్ అరిగిపోయిన ప్లేటు నా చేతికిచ్చి, "హాఫ్ క్లచ్ మీదే నడుపుతున్నట్టున్నారు మేడం" అన్నాడు. క్లచ్ సగం తొక్కి పెట్టి బండిని పాకించడమన్నమాట. ఆ ట్రాఫిక్‌లో ఇంకెలా నడుపుతారో అతనూ చెప్పలేదు. ప్లేట్లంటే మార్చుకోవచ్చు, నా ఎడమ మోకాలికి విడిభాగాలు దొరకవు. ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి, బరువు తగ్గమని ఎలాగూ అన్నారు గానీ, రోజూ ఎంతసేపు డ్రైవింగ్ అని కూడా అడిగారు. ఆ వారమే షోరూంల చుట్టూ తిరగడం మొదలుపెట్టాను.

2022లో నేను కొన్నది చిన్న కారు, ఏఎంటీ. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేదంతా గేర్‌బాక్స్ గురించే.

ఏఎంటీ అంటే లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే కాలు, గేరు మార్చే చెయ్యి మాత్రం మనవి కావు, ఆ పని యాక్చువేటర్లు అనే చిన్న యంత్రాలు చేస్తాయి. మన దేశంలో ఇది 2014లో మారుతి సెలేరియోతో మొదలైంది. ఆ సరుకు ఇటలీకి చెందిన మాగ్నెటీ మరెల్లీది. అంతకుముందు కూడా చిన్న కార్లలో ఆటోమేటిక్‌లు ఉండేవి గానీ, ధర చూసి కొందరు, మైలేజీ చూసి కొందరు వెనక్కి వచ్చేసేవారు. ఏఎంటీతో ఆ రెండు భయాలూ తగ్గాయి. ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి నేను చూసుకున్న లెక్క ఇది: పాత గేర్ బండి సిటీలో లీటరుకి 13 ఇచ్చేది, ఇది 14 ఇస్తోంది. ఇంజిన్ వేరు, బండి కొత్తది, కాబట్టి ఆ ఒక్క కిలోమీటరునీ గేర్‌బాక్స్ ఖాతాలో వేయను. తగ్గలేదు, అది చాలు.

ధర మాటకొస్తే, అప్పట్లో నేను తీసుకున్న కొటేషన్లలో అదే వేరియంట్ మాన్యువల్ కంటే ఏఎంటీకి 50 వేల చుట్టుపక్కల ఎక్కువ. టార్క్ కన్వర్టర్ (క్లచ్ ప్లేటు బదులు నూనె ద్వారా ఇంజిన్ శక్తిని అందించే ఆటోమేటిక్) ఉన్న కార్లకైతే ఆ తేడా లక్ష దాటింది.

మొదటి వారం మాత్రం నరకం. తప్పు కారుది కాదు, నా ఎడమ కాలిది. భరత్‌నగర్ ఫ్లైఓవర్ దిగుతుంటే ముందు బస్సు స్లో అయింది. 11 ఏళ్ల అలవాటు కదా, ఎడమ కాలు తనంతట తానే లేచి క్లచ్ అనుకుని గట్టిగా తొక్కింది. అక్కడ క్లచ్ లేదు, వెడల్పాటి బ్రేక్ పెడల్ ఉంది. కారు నిలువునా ఆగింది, హ్యాండ్‌బ్యాగ్ ఎగిరి డ్యాష్‌బోర్డుకి తగిలింది, వెనక ఆటో నా బంపర్‌కి జానెడు దూరంలో ఆగింది. ఆటో అతను పక్కకి వచ్చి తిట్టబోయి, నా మొహం చూసి, "కొత్తా అమ్మా?" అన్నాడు. 11 ఏళ్లుగా నడుపుతున్నానని ఎలా చెప్పను! ఆ రోజు నుంచి నెలపాటు ఎడమ కాలు వెనక్కి మడిచి సీటు కిందకి లాక్కుని నడిపాను. గేర్ బండి నుంచి మారేవాళ్లకి ఇది ఎవరూ చెప్పరు. మొదటి నాలుగు రోజులు ఆదివారం పొద్దున లాంటి టైములో, ఖాళీ రోడ్డు మీద నడపండి.

ఇక ర్యాంప్. కారు వచ్చిన రెండో రోజు, సగం ఎక్కాక పైన ఎవరిదో స్కూటర్ అడ్డం వచ్చింది. ఆగాను. గేర్ బండిలో అయితే హాఫ్ క్లచ్ మీద బండిని పట్టుకుని, అరికాలికి ఆ చిన్న వణుకు తెలియగానే బ్రేక్ వదిలేదాన్ని. ఇక్కడ అరికాలికి ఏ వణుకూ రాదు. బ్రేక్ మీద నుంచి కాలు తీసి యాక్సిలరేటర్ మీద పెట్టేలోపు కారు వెనక్కి జారడం మొదలైంది. భయపడి మళ్లీ బ్రేక్. మళ్లీ ప్రయత్నం, మళ్లీ జారుడు. అలా రెండడుగులు వెనక్కి వచ్చేశాను. వెనక స్తంభం ఉంది. వాచ్‌మన్ చేతిలో ఇటుకతో పరిగెత్తుకొచ్చి వెనక చక్రం కింద పెట్టి, "ఇప్పుడు తొక్కండమ్మా" అన్నాడు. ఇటుక దన్నుతో ఎక్కాను. కొత్త కారు, లక్షలు పోసి కొన్నది, ఇటుక సాయంతో రోడ్డెక్కింది.

తర్వాత నేర్చుకున్న కిటుకు చిన్నదే. ర్యాంప్ మీద ఆగితే హ్యాండ్‌బ్రేక్ లాగాలి. యాక్సిలరేటర్ మెల్లగా ఇస్తే కారు వెనక భాగం కొంచెం కిందకి కుంగుతుంది. క్లచ్ పట్టుకుందనడానికి అదే గుర్తు, అప్పుడు హ్యాండ్‌బ్రేక్ వదలాలి. కొందరు హ్యాండ్‌బ్రేక్ శ్రమ ఎందుకని యాక్సిలరేటర్ కొద్దికొద్దిగా తొక్కుతూ బండిని ఎత్తు మీద నిలబెడతారు. అది చేయకండి. కాలు మనది కాకపోయినా లోపల అరిగే క్లచ్ ప్లేటు మనదే. ఈ తంటా అంతా లేకుండా, బ్రేక్ మీద నుంచి కాలు తీసినా కాసేపు బండిని జారకుండా పట్టుకునే హిల్ హోల్డ్ పై వేరియంట్‌లో ఉందని నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది. షోరూం అబ్బాయి టచ్ స్క్రీన్ గురించి 20 నిమిషాలు చెప్పాడు, దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి. ఏఎంటీ కొంటే అలాయ్ వీల్స్ లేకపోయినా పర్వాలేదు, హిల్ హోల్డ్ లేనిది మాత్రం కొనకండి.

ఇంకో గుణం, తలూపడం. ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఒక్క క్షణం లాగుడు తెగిపోతుంది, లోపల కూర్చున్న అందరూ గంగిరెద్దుల్లా తలలూపుతారు. "ఏమ్మా, నీ బండి ఎవరికో అవునవునంటోంది" అని మా అత్తయ్య వెనక సీట్లోంచి. గేరు మారబోతోందని ఇంజిన్ చప్పుడుని బట్టి తెలుస్తుంది. ఆ క్షణంలో యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేలిక చేస్తే ఊపు చాలా తగ్గుతుంది. అంటే పాత విద్య పూర్తిగా వృథా కాలేదు. గేర్ బండి నడిపినవాళ్లే ఏఎంటీని మెత్తగా నడుపుతారు.

ఓవర్‌టేక్‌లో మాత్రం ఇది మొహమాటస్తురాలు. తెనాలి మా పుట్టిల్లు. హైవే మీద ఇబ్బంది లేదు, సింగిల్ రోడ్డులో ట్రాక్టర్‌ని దాటాలంటేనే చిక్కు. యాక్సిలరేటర్ నొక్కాక, గేరు తగ్గించాలా వద్దా అని ఒక సెకను ఆలోచిస్తుంది. ఎదురుగా లారీ వస్తున్నప్పుడు ఆ సెకను చాలా పెద్దది. అందుకని దాటే ముందే లివర్ని ఎం లోకి, అంటే గేర్లు మనమే మార్చుకునే మాన్యువల్ మోడ్‌లోకి తోసి, నేనే ఒక గేరు తగ్గిస్తాను.

ఎం అనేది ఒకటుందని మర్చిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. కిందటేడు శ్రీశైలం వెళ్లాం. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటి, అడవి అంతా హాయిగా గడిచి, ఈగలపెంట తర్వాత డ్యామ్ వైపు దిగే మలుపులు మొదలయ్యాయి. గేర్లు కారే మార్చుకునే డి లోనే ఉంచాను. దిగుడు రోడ్డు కదా, బరువేమీ లేదనుకుని కారు పై గేర్లకి వెళ్లిపోతోంది, నేను బ్రేక్ తొక్కుతూనే ఉన్నాను. నాలుగైదు మలుపులకి మాడు వాసన వచ్చింది. అప్పటిదాకా మాట్లాడని మా ఆయన, "రెండో గేరులో పెట్టు" అన్నారు. ఎం, రెండు. ఇంజినే బండిని పట్టుకుంది, బ్రేక్ అవసరం సగానికి సగం తగ్గింది. తిరుమల ఘాట్ అయినా, ఇంకో ఘాట్ అయినా ఇదే మందు.

ఒక దెబ్బ కూడా చెప్పాలి. రెండో ఏడు వానాకాలం, మూసాపేట సిగ్నల్ దగ్గర గేరు పడలేదు. మీటర్‌లో న్యూట్రల్‌ని సూచించే ఎన్ అక్షరం మిణుకుమిణుకుమంటోంది, వెనక నుంచి హారన్లు. ఆఫ్ చేసి ఒక నిమిషం ఆగి స్టార్ట్ చేస్తే కదిలింది. సర్వీస్ సెంటర్‌లో యాక్చువేటర్ మార్చాలి, 40 వేలు దాటుతుందన్నారు. గుండె ఆగినంత పనైంది. పాత బండి చూసిన కూకట్‌పల్లి మెకానిక్ మీటర్ పెట్టి చూసి, ముందు బ్యాటరీ మార్చి చూడమన్నాడు. మార్చాను. ఆ తర్వాత ఇంతవరకు ఆ గొడవ లేదు. గేర్ బండిలో బ్యాటరీ నీరసపడితే నలుగురు తోస్తే స్టార్ట్ అయ్యేది. ఇందులో తోసినా లాభం లేదు, గేరు వేయడానికే కరెంటు కావాలి.

మిగతా ఆటోమేటిక్‌లు నేను నడిపినంత మేరకే చెబుతాను. ఆఫీసులో స్నేహితురాలి కారు టార్క్ కన్వర్టర్. గేర్లు మారుతున్నాయని చూస్తే తప్ప తెలియదు, ర్యాంప్ కూడా బుద్ధిగా ఎక్కింది. చేతిలో ఇంకో లక్ష ఉంటే నేను కొనేది అదే. మా చెల్లెలిది సీవీటీ. అందులో మెట్లలాంటి గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య బెల్టు నడుస్తుంది. సిటీలో వెన్నలా ఉంటుంది గానీ, గట్టిగా తొక్కితే ముందు అరుపు వస్తుంది, వేగం వెనకాల వస్తుంది. డీసీటీ టెస్ట్ డ్రైవ్ ఒక్కటే చేశాను. రెండు క్లచ్‌లతో గేర్లు మెరుపులా మారతాయి. డ్రై క్లచ్ రకమైతే ఆగుతూ కదులుతూ పోయే ట్రాఫిక్‌లో వేడెక్కుతుందన్న పేరుంది, నా దారేమో సరిగ్గా అలాంటిదే. 2020లో హ్యుందాయ్ వెన్యూలో క్లచ్ పెడల్ లేకుండా చేత్తో గేర్లు వేసుకునే ఐఎంటీ వచ్చింది. మా ఆయన దాన్ని చూసి సగం పెళ్లి అన్నారు.

ఆయన ఇప్పటికీ గేర్ బండి మనిషే. నెలకి రెండుసార్లు ఊరికి, మిగతా రోజుల్లో ఇంటి నుంచే పని. ఆయనకి ఆటోమేటిక్ కొనడం దండగ, 50 వేలు మిగుల్చుకోవడమే మేలు. రోజూ గంటకి మించి సిటీ ట్రాఫిక్‌లో ఉండేవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లెక్కలు వేయకుండా ఆటోమేటిక్ తీసుకోండి. మా అమ్మాయిని మాత్రం డ్రైవింగ్ స్కూల్లో గేర్ బండి మీదే చేర్పించాను. మా తమ్ముడు డల్లాస్‌లో 14 ఏళ్లుగా ఆటోమేటిక్ తప్ప ముట్టలేదు. సంక్రాంతికి వచ్చి నాన్నగారి గేర్ కారు తీస్తే, తెనాలి రైల్వే గేటు ఎత్తాక మూడుసార్లు ఆగిపోయింది. మూడోసారి నాన్నగారే దిగి, "జరగరా" అని స్టీరింగ్ తీసుకున్నారు.

చివరగా పార్కింగ్. నా ఏఎంటీలో చక్రాలు కదలకుండా లాక్ చేసే పి (పార్క్) లేదు. ఆర్, ఎన్, డి, ఎం, అంతే. ఎత్తుపల్లం మీద ఆపితే గేరులో ఉంచి ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగాలి. శ్రీశైలంలో మేం దిగిన చోట పార్కింగ్ అంతా వాలు. ఆ రెండూ చేసినా నాకు నిద్ర పట్టదని తెలిసి, బయల్దేరే ముందే వాచ్‌మన్ దగ్గర ఆ ఇటుక అడిగి తీసుకున్నాను. అప్పటి నుంచి అది డిక్కీలోనే, స్టెప్నీ పక్కన ఉంది. సర్వీసుకి ఇచ్చేటప్పుడు డిక్కీ ఖాళీ చేసి ఇమ్మంటారు. ఇటుక తీసి వాచ్‌మన్‌కి అప్పగిస్తాను. సాయంత్రం కారు ర్యాంప్ దిగేసరికి అతనే తెచ్చి మళ్లీ డిక్కీలో పెడతాడు.