బ్లాక్ ఇంజెక్షనా, ఫిజియోథెరపీ ఒక్కటే చాలా?

మణికట్టు విరిగి, కట్టు విప్పిన తర్వాత కూడా చెయ్యి వాచి, రంగు మారి, దుప్పటి అంచు తగిలినా భగ్గుమంటోందంటే అది సీఆర్‌పీఎస్ (కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్, అంటే గాయం తర్వాత వదలకుండా పట్టుకునే తీవ్రమైన నొప్పి జబ్బు) కావచ్చు. వైద్యానికి వెళ్తే ముందుకొచ్చే దారులు రెండు: ఫిజియోథెరపీ ఒక్కటే, లేదా దానికి తోడు బ్లాక్, అంటే నరాల దగ్గర మందు ఇచ్చి నొప్పిని కాసేపు తగ్గించే ఇంజెక్షన్.

ఖర్చు: ఫిజియోథెరపీకి వారాల తరబడి ఫీజులు, రానుపోను ఛార్జీలు. బ్లాక్ తోడైతే నిపుణుడు, స్కానింగ్, ఇంజెక్షన్ గది ఖర్చు అదనం. ఒక్కసారితో సరిపోకపోవచ్చు.

శ్రమ: రెండు దారుల్లోనూ వ్యాయామం తప్పదు. స్పర్శకు అలవాటు పడేలా నొప్పి చేతిని మొదట దూదితో తాకడం, తర్వాత మెత్తని బట్ట, ఆపైన గరుకు తువ్వాలు. అద్దంలో మంచి చేతి కదలికను చూస్తూ, దాని వెనక నొప్పి చేతిని మెల్లగా కదపడం. రోజూ చేయాలి. దయచేసి మానకండి.

ప్రమాదం: వ్యాయామంలో మొండిగా లాగితే నొప్పి పెరుగుతుంది. చేతి నొప్పికి మెడ దగ్గర ఇచ్చే స్టెల్లేట్ బ్లాక్‌తో కాసేపు కనురెప్ప వాలుతుంది, గొంతు బొంగురుపోతుంది. ఇవి కొన్ని గంటల్లో తగ్గుతాయి. మందు రక్తనాళంలోకి వెళ్తే మూర్ఛ రావచ్చు, అరుదే. రక్తం పలచబడే మందులు వాడేవారు ముందే చెప్పాలి.

ఫలితం: బ్లాక్ ఉపశమనం కొందరికి గంటలే, కొందరికి రోజులు. దీర్ఘకాల మేలుకు రుజువులు బలహీనం. అందుకే బ్లాక్ వేయించుకుని ఇంట్లో పడుకుంటే డబ్బు వృథా. నొప్పి తగ్గిన ఆ కాస్త సమయంలోనే వేళ్లు కదపాలి.

ముట్టుకోనిచ్చే స్థితిలో ఉంటే ఫిజియోథెరపీతోనే మొదలుపెట్టండి. నొప్పి వల్ల వ్యాయామమే సాగకపోతే బ్లాక్ గురించి అడగండి, అదే రోజుకో మర్నాటికో ఫిజియోథెరపీ సమయం ఖాయం చేసుకున్నాకే.