న్యూ ఆర్లియన్స్‌లో వీకెండ్ బ్రంచ్: బ్రెనన్స్‌కా, కమాండర్స్ ప్యాలెస్‌కా?

హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లియన్స్‌కి కారులో ఐదారు గంటలు. శనివారం వెళ్లి ఆదివారం రాత్రికల్లా ఇల్లు చేరే మాలాంటివాళ్లకి అక్కడ తీరిగ్గా బ్రంచ్ (టిఫిన్, మధ్యాహ్న భోజనం కలిపి ఒకే పూట) తినే వీలు ఒక్కసారే ఉంటుంది. ఎక్కడ టేబుల్ బుక్ చేయాలన్నది మా ఇంట్లో ఎప్పుడూ తెగని పంచాయితీ. రెండు చోట్లా తిన్నాను కాబట్టి నా తీర్పు చెబుతాను.

అసలు ఈ రెండింటి వెనకా ఉన్నది ఒకే కుటుంబం. ఓవెన్ బ్రెనన్ 1946లో బర్బన్ స్ట్రీట్‌లో రెస్టారెంట్ పెట్టాడు. ఆయన పోయాక 1956లో రాయల్ స్ట్రీట్‌లోని ఇప్పటి గులాబీ రంగు భవనంలో దాన్ని నిలబెట్టింది చెల్లెలు ఎల్లా. 1973లో వదినతో, మేనల్లుళ్లతో పొసగక ఎల్లా, తోబుట్టువులు బయటికి వచ్చేసి, 1969లోనే కొనిపెట్టుకున్న కమాండర్స్ ప్యాలెస్‌కి చేరారు. అంతకుముందే ఊళ్లో పేరున్న పాత రెస్టారెంటే అది. మన దగ్గర ఆస్తి గొడవలైతే కోర్టు ఫైళ్లు మిగులుతాయి, వాళ్ల ఊరికి రెండు మంచి రెస్టారెంట్లు మిగిలాయి.

బ్రెనన్స్ అంటే అరటిపండు. 1951లో పుట్టిన ‘బనానాస్ ఫాస్టర్’ వాళ్లదే. అప్పట్లో ఈ రేవులో అరటి గెలలు తెగ దిగేవి. మన టేబుల్ పక్కనే మూకుడు పెట్టి, వెన్నలో బ్రౌన్ షుగర్ కరిగించి, చీల్చిన పండ్లు వేసి, రమ్ పోసి అంటిస్తారు. ఆ మంట మీద దాల్చినచెక్క పొడి చల్లితే నిప్పురవ్వలు చిటపటలాడతాయి. పిల్లలు కుర్చీల్లోంచి లేచి నిలబడతారు. చివర్లో వెనిలా ఐస్‌క్రీమ్ మీద వడ్డిస్తారు. కాస్త తీపి ఎక్కువే, అయినా గిన్నె ఖాళీ అవుతుంది.

పెరట్లో నీళ్లకుండీలో తాబేళ్లున్నాయి. మెనూలో తాబేలు సూప్ కూడా ఉంది! మా అమ్మది శ్రీకాకుళం, శ్రీకూర్మం గుళ్లో తాబేళ్లకి మేత పెట్టి పెరిగిన మనిషి. అది చూసి, “ఇదేం విడ్డూరమే” అని మళ్లీ మెనూ ముట్టుకోలేదు. కమాండర్స్‌లోనూ ఆ సూప్‌కి మంచి పేరు, కాబట్టి ఈ విషయంలో రెండూ ఒకటే.

కమాండర్స్ ప్యాలెస్ గార్డెన్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. సెయింట్ చార్లెస్ ట్రామ్ ఎక్కి వాషింగ్టన్ అవెన్యూ దగ్గర దిగి కాస్త నడవాలి. ఎదురుగా పాత శ్మశానం, ఇటు నీలం తెలుపు చారల భవనం. నిక్కర్లతో రానివ్వరు. మా ఆయన ఎండ పేరు చెప్పి నిక్కరుతో బయల్దేరబోతే నేనే ఆపాను.

ఇక్కడ శని, ఆదివారాల్లో జాజ్ బ్రంచ్. స్టేజీ, మైకు ఏమీ ఉండవు. ట్రంపెట్ పట్టుకుని ఇద్దరు ముగ్గురు టేబుల్ టేబుల్‌కీ వచ్చి, అడిగిన పాట వాయిస్తారు. నాలుగు డాలర్లు చేతిలో పెట్టడం మర్యాద. మన వెనకాలే ఊదుతుంటే మాట వినపడదు, కానీ ఆ ఊరు వెళ్లిందే అందుకు కదా. బ్రెడ్ పుడ్డింగ్ సూఫ్లే (ఓవెన్‌లో పొంగే తీపి వంటకం) భోజనంతోపాటే ఆర్డర్ చెప్పేయాలి, అప్పటికప్పుడు చేసి తేవడానికి టైమ్ పడుతుంది. పొంగిన దాని నడుమ చెంచాతో గుంట చేసి విస్కీ సాస్ పోస్తారు. అరటిపండు కంటే నాకిదే ఇష్టం. పాతిక సెంట్ల మార్టినీ (జిన్ లేదా వోడ్కా కాక్‌టెయిల్) అని అందరూ చెప్పుకునేది మామూలు రోజుల లంచ్‌కి, బ్రంచ్‌కి కాదు.

శాకాహారులకి రెండు చోట్లా ఇబ్బందే. గుడ్డు తినేవాళ్లయితే బ్రెనన్స్ నయం: పాలకూర, ఆర్టిచోక్ (మొగ్గలాంటి ఒక కూరగాయ) మీద గుడ్డు పెట్టిచ్చే ఎగ్స్ సార్డూ ఉంటుంది. గ్రిట్స్ అంటే తాలింపు లేని మొక్కజొన్న రవ్వ ఉప్మా అనుకోండి, ఆవకాయ ఉంటే బాగుండనిపిస్తుంది. ఎక్కడికెళ్లినా ఇద్దరికి, టిప్‌తో కలిపి, వంద డాలర్లు దాటుతుంది.

నా ఓటు కమాండర్స్‌కి. తిండి గొప్పదని కాదు, తిండిలో పెద్ద తేడా లేదు. బ్రెనన్స్ అరటిపండు మామూలు రోజుల్లోనూ దొరుకుతుంది, ఆ ట్రంపెట్ మాత్రం శని, ఆదివారాల్లోనే. చిన్నపిల్లలో, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లో వెంట ఉండి, బ్రెనన్స్ ఉన్న పాత పేట ఫ్రెంచ్ క్వార్టర్‌లోనే బస దిగితే మాత్రం బ్రెనన్స్‌కే వెళ్లండి, నడిచి వెళ్లొచ్చు. ఈసారి అమ్మ వచ్చినప్పుడు మేమూ అక్కడికే, తాబేళ్లు కనపడని మూల టేబుల్ అడిగి మరీ.