సీన్ పేపర్ పక్కన ఒక చాక్లెట్ ముక్క

నేను టీవీ సీరియళ్లకు డైలాగులు రాస్తాను. ఉండేది యూసుఫ్‌గూడలో. రాత్రి పదకొండు దాటాక అసోసియేట్ డైరెక్టర్ ఫోన్ చేస్తాడు: "అన్నా, రేపు ఏడింటికే ఫస్ట్ షాట్. సీన్ అయ్యిందా?" అప్పటికి నా సీన్‌లో అత్తగారు గుమ్మంలో వచ్చి నిలబడి ఉంటుంది, నోట మాట మాత్రం రాదు. ఇదివరకు ఆ టెన్షన్‌లో టీ మీద టీ తాగేవాణ్ణి. కడుపులో మంట మొదలయ్యాక మానేసి డార్క్ చాక్లెట్‌కి మారాను.

కొనేది బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో, 2023లో తెరిచిన 'మనం చాక్లెట్' కార్ఖానాలో. అద్దాల అవతల చాక్లెట్ తయారవుతుంటే నిలబడి చూడొచ్చు. నన్ను అక్కడిదాకా నడిపించింది మాత్రం పశ్చిమ గోదావరి పేరే. చాక్లెట్ చేసేముందు కోకో గింజల్ని పులియబెడతారు; వీళ్ల గింజలు పులిసేది ఒకప్పుడు ఆ జిల్లాలోదే అయిన, ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్న తడికలపూడిలో. మాదీ ఆ వైపే. నాన్న కొబ్బరి తోటలో అంతరపంటగా కోకో వేశాడు. చిన్నప్పుడు కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జు చప్పరించి గింజ ఉమ్మేసేవాళ్లం. అన్నేళ్లు గింజలు అమ్మిన నాన్న ఈ రకం చాక్లెట్ ఎప్పుడూ రుచి చూడలేదు. మొన్న పండక్కి ఒక బార్ పట్టుకెళ్లాను. కళ్లు మూసుకుని చాలాసేపు చప్పరించి, "గింజ బాగా పులిసిందిరా, ఆ పులుపు తెలుస్తోంది" అన్నాడు.

నా పద్ధతి ఏంటంటే, సీన్‌కి ఒకటే ముక్క. నమలకూడదు. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటే నోటి వేడి చాలు. నాలుక మీద పెట్టుకుంటే మొదట చేదు, తర్వాత సన్నటి పులుపు, చివర్లో తీపి. మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. అంతసేపూ పెన్ను ముట్టను, ఫోన్ చూడను. మొన్న అలిగి వెళ్లిన కోడలు తిరిగొచ్చే సీన్‌కి అత్తగారికి పది లైన్లు అనుకున్నాను. ముక్క కరిగేసరికి ఒక్క మాట మిగిలింది: "తిన్నావా?" సెట్‌లో అదే ఉంచారు.

చాక్లెట్‌లో కెఫీన్, దానిలాగే కాస్త హుషారిచ్చే థియోబ్రోమిన్ ఉంటాయి, నిజమే. కానీ ఒక ముక్కలో ఉండే కెఫీన్ ఒక కప్పు కాఫీలో కంటే చాలా తక్కువ. నాకు పని చేసేది ఆ నాలుగు నిమిషాల నిదానమే అని నా నమ్మకం. మిల్క్ చాక్లెట్‌తో ఇది కుదరలేదు. సీన్ సగంలో ఉండగానే బార్ అయిపోయేది, ఆ తీపికి నిద్ర ముంచుకొచ్చేది.

ధర మామూలు చాక్లెట్ కంటే బాగా ఎక్కువే, కానీ ఒక బార్ నాకు వారం వస్తుంది.

ఎండాకాలంలో మాత్రం స్వయంగా వెళ్లి కొనుక్కోండి, అదీ పొద్దు వాలాక. మే నెలలో ఒకసారి డెలివరీ యాప్‌లో వేరే చాక్లెట్ తెప్పిస్తే పాయసంలా వచ్చింది. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడింది కానీ పైన తెల్లటి పొర కట్టింది. అది బూజు కాదు, కరిగి పైకి తేలిన కోకో వెన్న. తినొచ్చు. కాకపోతే నాలుక మీద ఆ నునుపు ఉండదు, ఇసుకలా తగులుతుంది.